దోసిలి నీళ్ళు

డాక్టరు కొండెక్కొద్దన్న వారంలోనే జాస్మన్ కొండెక్కుతానన్నాడు.

జాస్మన్ మా ఆవిడ నిదార్‌కి ఒక్కగానొక్క అన్న. భార్యతో విడిపోయాక, మా మగవాళ్ళందరిలాగే తల్లి ఇంటికి తిరిగొచ్చాడు. మా దగ్గర ఇల్లు ఆడవాళ్ళదే, తల్లి పోయాక కూతురికే కదా చెందుతుంది. అలా నేను అల్లుడిగా వచ్చి ఉంటున్న ఇంట్లోనే అతనూ ఉండాలి. ఎంత చెప్పినా లోపల ఉండలేదు. పెరట్లో రేకుల పాక వేసుకుని అందులో ఒక మంచాన్నీ ఒక కుక్కనీ పెట్టుకున్నాడు. ఇదేం కాపురమని ఎవరైనా అడిగితే, "మంచం నాది, పాక దానిది. అద్దెకుంటున్నా" అనేవాడు.

కుక్క పేరు బాలంగ్. గోధుమరంగు ఒంటిమీద నల్లటి చారలు. వేటలో అది మొరిగితే పంది ఎంత పెద్దదో, ఆగిందో పరిగెడుతోందో జాస్మన్ కళ్ళు మూసుకుని చెప్పేవాడు.

మా సింగ్‌కారా సరస్సుకి తూర్పున ఉన్న కొండల మీద ఎండాకాలం వస్తే ఒక్క ఊట మిగలదు. కిందికి చూస్తే కంటినిండా నీళ్ళు, పైన గుక్కెడు ఉండవు. చేలు పాడుచేసే అడవిపంది వెంట పరిగెత్తి వచ్చిన కుక్కకి వెంటనే నీళ్ళు పట్టకపోతే లోపల ఉడికిపోతుంది. అందుకని వేటకి వెళ్ళే ప్రతి మనిషీ ఒక చేత్తో కుక్క తాడు పట్టుకుని, ఇంకో భుజాన నీళ్ళ డబ్బా వేసుకుని ఎక్కుతాడు. జాస్మన్ ఇంకా తాడు పట్టుకోగలడు. డబ్బా మొయ్యలేడు. నాలుగు మెట్లెక్కితే ఈల వేసినట్టు ఉండేది అతని ఊపిరి.

"పకియా, ఆదివారం నువ్వు రా. తాడు ముట్టుకోవద్దు, కుక్కని ముట్టుకోవద్దు. నీళ్ళు మొయ్యి చాలు" అన్నాడు.

పకియా నా పేరు కాదు. పెళ్ళినాడు మా వైపు పెద్దలు ఇచ్చిన బిరుదు. అల్లుణ్ణి అత్తవారి ఊళ్ళో పేరు పెట్టి పిలవరు. మతం చదువుకున్నవాడని ఆ మాటకి అర్థం. నేను చదివింది తక్కువే. అయినా పిలుపుకి తగ్గట్టు ఉండాలి కదా అని మా చిన్న మసీదులో నమాజుకి పిలిచే అజాన్ ఇస్తాను, నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వుజూ తొట్టి శుభ్రం చేస్తాను. మిగతా పొద్దంతా మిరపతోట. కుక్క తడినోరు తగిలితే ఏడుసార్లు కడుక్కోవాలి, అందులో ఒకసారి మట్టితో రుద్దుకోవాలి. ఇది మా దగ్గర పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. వేటగాళ్ళు కడుక్కుంటారు, మళ్ళీ వెళ్తారు. నేను మాత్రం పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ పాక గడప తొక్కలేదు.

"నేను కుక్క నీళ్ళు మొయ్యడమేంటి ఉడా?" అన్నాను. మా దగ్గర అన్నని ఉడా అంటాం. భార్య అన్న కాబట్టి నాకూ అతను ఉడానే.

"బావిలోకి దిగి చెప్పుతో నీళ్ళు తోడుకొచ్చి కుక్క దాహం తీర్చినవాడి కథ ప్రతి రంజానుకీ నువ్వే కదా చెప్తావు? ఆ మహానుభావుడికి చెప్పే దొరికింది. నీకు డబ్బా ఇస్తున్నా. నీ చెప్పులు నీ కాళ్ళకే ఉంచుకో."

పొయ్యి దగ్గర చేపలు వేయిస్తున్న నిదార్ పైకే నవ్వేసింది. నవ్వు అయ్యాక ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. పొగ అంటుందేమో అనుకున్నాను. "వెళ్ళండి. తను ఎలాగూ ఆగడు. ఎక్కడైనా కూలబడితే పక్కన మనిషుండాలి" అంది.

అలా నేను కుక్క నీళ్ళు మోసేవాణ్ణయ్యాను.

మొదటి ఆదివారం కొండ మొదట్లో మోటారుసైకిళ్ళు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోదాని వెనక సీటు మీద ఒక్కో కుక్క పెద్దమనిషిలా కూర్చుని ఉంది. నా భుజాన రెండు డబ్బాలు చూసి మాలిన్ ఈల వేశాడు. మాలిన్ జాస్మన్‌కి చిన్నప్పటినుంచీ వేటలో జతగాడు. నోరు ఆగదు, మనసు మంచిది.

"ఏంటి పకియా! ఒకటి నమాజుకి, ఒకటి కుక్కకా? జాగ్రత్త, మారిపోతాయి. బాలంగ్ వుజూ చేసుకుని ముందు వరసలో నిలబడుద్ది."

"ఎర్ర గుడ్డ కట్టిందే కుక్కది" అన్నాను.

"విన్నారా? అప్పుడే గుర్తులు కూడా పెట్టేశాడు! ఇంకో నెలలో కుక్కకి గుడ్లు కూడా ఈయనే ఒలిచి పెడతాడు."

అందరూ నవ్వారు. జాస్మన్ కూడా నవ్వబోయి దగ్గులో పడ్డాడు.

బాలంగ్ నీళ్ళు తాగడం నేను ఆ రోజే దగ్గరగా చూశాను. మిగతా కుక్కలు గిన్నెలో తాగుతున్నాయి. జాస్మన్ గిన్నె తీయలేదు. రెండు చేతులూ దోసిలి పట్టి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను పైనుంచి సన్నటి ధారగా పోస్తే ఆ దోసిట్లో మూతి పెట్టి తాగింది. దోసిలి ఖాళీ అయినప్పుడల్లా ముక్కుతో అతని చేతుల్ని కిందనుంచి పైకి పొడిచేది. ఇంకా పొయ్యమని.

"గిన్నె పెడితే పోయేదానికి ఈ తంతేంటి?" అని మాలిన్‌ని అడిగాను.

"కుంబంగ్ సంగతి నీకు తెలీదా?"

కొంత తెలుసు. కుంబంగ్ జాస్మన్ ముందటి కుక్క. పందుల బాధ పడలేక ఎవరో చేలగట్టున పురుగుమందు కలిపిన నీళ్ళు ప్లాస్టిక్ తొట్టిలో పెట్టారు. పంది కోసం పెట్టిన నీళ్ళు దాహంతో వచ్చిన కుక్క తాగింది. జాస్మన్ దాన్ని మెడమీద వేసుకుని కొండ దిగాడు. ఇంటికొచ్చేసరికి అది చల్లబడిపోయింది. నాకు తెలియనిది ఆ తర్వాతి సంగతి. బాలంగ్ కూనగా ఉన్నప్పుడే దానికి పాఠం నేర్పాడట. ఊళ్ళో ఒక్కొక్కణ్ణీ పిలిచి, గిన్నెతోనో చేత్తోనో నీళ్ళు పెట్టించేవాడు. ఆ నీళ్ళలో దంచిన మిరపకాయ కలిపేవాడు. కూన మూతి పెట్టి, ముక్కు మండి, నేలకి రాసుకుంటూ ఏడిస్తే, అప్పుడు తను దోసిట్లో మంచినీళ్ళు పట్టేవాడు. వాగులో మూతి పెడితే తాడు లాగేవాడు. మా కొండల్లో వేటగాళ్ళు కొంతమంది ఇలా నేర్పుతారు గానీ, జాస్మన్ అంత గట్టిగా ఎవరూ నేర్పలేదు.

"నా చేత్తో కూడా పెట్టించాడు. ఇప్పటికీ నా అరచెయ్యి చూస్తే గుర్రుమంటుంది చూడు దొంగముండ" అని మాలిన్ చెయ్యి చాచాడు. బాలంగ్ నిజంగానే పళ్ళు చూపించింది. "ఊరందరి చేతులూ దానికి చేదే. నీదొక్కటే మిగిలిపోయింది పకియా. నువ్వు కుక్కని ముట్టుకోనన్నావుగా."

ఇంటికొచ్చి ఈ మాట నిదార్‌తో చెప్పాను. సాయంత్రం అన్నం తీసుకుని పాక దాకా వెళ్ళి, గుమ్మం బయటే నిలబడి అడిగింది. నేను వాకిట్లోంచి విన్నాను.

"ఉడా, నువ్వు లేకపోతే దానికి నీళ్ళెవరు పడతారు?"

"నేనెక్కడికి పోతున్నా?"

"ఆసుపత్రిలో పడుకున్నావనుకో. నాలుగు రోజులు."

"దాన్నీ తీసుకుపో. పక్క మంచం ఖాళీగా ఉంటే."

"నాతో వేళాకోళం ఆడకు. అమ్మ పోయింది. నువ్వు..." అక్కడ ఆగి, మాట మార్చింది. "దాని గొంతు నీ చేతికి కట్టేశావు. అది పాపం కాదూ?"

"విషం తాగి చావడం కన్నా పాపమా?" అన్నాడు జాస్మన్. గొంతులో వేళాకోళం లేదు. "కుంబంగ్ నా మెడమీద చచ్చింది నిదార్. దాని నాలుక నా చెవికి తగుల్తా ఉంది. నీకు తెలీదు."

ఆమె అన్నం గడప మీద పెట్టి వచ్చేసింది. ఆ తర్వాత కూడా ఊరుకోలేదు. అన్నం పెట్టిన ప్రతిసారీ అదే మాట. బాలంగ్‌కి ఇంకో చెయ్యి అలవాటు చెయ్యి. జాస్మన్ వినలేదు. ఆదివారాలు గడిచాయి. ఎండలు ముదిరాయి. అతని పెదవులు నీలంగా మారుతున్నాయని నాకు కనిపిస్తూనే ఉంది. పాకలో కుక్క అతని దగ్గు వింటూ పడుకునేది. అతను దగ్గడం ఆపితే అది లేచి చూసేది.

ఒక గురువారం నేను అజాన్‌కి వెళ్తుంటే జాస్మన్ పాక ముందు కూర్చుని పిలిచాడు.

"పకియా, ఒక మాట. మతం తెలిసినవాడివి. నా చెల్లెలు చెప్పేదే నిజమా? నేను చేసింది పాపమా?"

"నువ్వు దాన్ని చావకుండా చూడాలనుకున్నావు" అన్నాను. "పాపమో కాదో తెలీదు. కానీ అల్లా నీళ్ళు అందరికీ ఇచ్చాడు. నువ్వు దానికి ఒక్క చోటే ఉంచావు."

అతను కుక్క చెవులు నిమురుతూ కూర్చున్నాడు. "నీ చెయ్యి ఇస్తావా మరి?"

నేను నా అరచేతులు చూసుకున్నాను. రోజూ పైకెత్తి ప్రార్థించే చేతులు. కానీ కడుక్కుంటే పోయేదానికి ఇన్నేళ్ళుగా ఎందుకంత భయపడ్డానో ఆ నిమిషంలో నాకే అర్థం కాలేదు. కడుక్కోమని చెప్పినవాడు ముట్టుకోకుండా చావనివ్వమని చెప్పలేదు కదా.

"ఇస్తాను" అన్నాను.

ఆదివారం కొండెక్కేటప్పుడు నా జేబులో కాగితంలో కట్టిన శుభ్రమైన మట్టి ఉంది, తర్వాత కడుక్కోవడానికి. మాలిన్ అది చూశాడు.

"ఇదేంటి?"

"మట్టి."

"ఓ జనులారా, రండి రండి! కొండ మీదికి మట్టి మోసుకొచ్చిన మొదటి మనిషిని చూడండి! రేపు సరస్సుకి నీళ్ళు కూడా పట్టుకెళ్తాడు!"

"అక్కడి మట్టిలో ఎవరి కుక్క ఏం చేసిందో నాకేం తెలుసు?" అన్నాను. జాస్మన్ నవ్వీ నవ్వీ ఒక రాయి పట్టుకుని నిలబడిపోయాడు. అతను అంతగా నవ్వడం చూసి చాలా రోజులైంది. ఆ రోజు అతని నడకా తేలికగానే ఉందనిపించింది.

కొండ భుజం మీద పైన్ చెట్ల నీడ ఉంది. వేట నడిపించే పెద్దాయన కేక వేశాడు. తాళ్ళు వదిలారు. బాలంగ్ ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి, ఎండిపోయిన బోదగడ్డిలోకి దూసుకుపోయింది. మిగతావాళ్ళు కేకలు వేస్తూ వాలు దిగారు. జాస్మన్ ఒక చెట్టుకి వీపు ఆనించి కూర్చున్నాడు. నేను పక్కన డబ్బాలు దించాను.

"ఇవాళే మొదలుపెడదాం" అన్నాడు. "అది రాగానే నీ చేతులు నా చేతుల కింద పెట్టు. తాగేటప్పుడు నా వాసనే ముందు తగుల్తుంది, నీది అడుగున ఉంటుంది. వచ్చే వారం నీ వేళ్ళు కొంచెం పైకి. ఆ పై వారం ఇంకొంచెం. అలా అలా నా చేతులు తీసేద్దాం."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"పాఠం చెప్పే పంతులు బాగుంటే తొందరగానే. పంతులు ఆరోగ్యం బాగుంటే." మళ్ళీ నవ్వాడు. అంతలో కింద లోయలో మొరుగులు లేచాయి. తల పక్కకి వంచి విన్నాడు. "అదిగో మనది. ముసలి పంది. పరిగెడుతోంది... పరిగెడుతోంది... గట్టు దాటించారు. దూరం పోతోంది."

చాలాసేపు పోయింది. ఎండ చెట్ల సందుల్లోంచి దిగి గడ్డి వేడి వాసన వేస్తోంది. మొరుగులు ఒక్కోసారి దగ్గరగా, ఒక్కోసారి అసలు లేనట్టు. జాస్మన్ ఛాతీ ఎగసిపడటం మొదలైంది. నేను నా సీసాలోంచి నీళ్ళు ఇచ్చాను. రెండు గుక్కలు తాగి మూతి తుడుచుకున్నాడు.

"ఆగింది పకియా" అన్నాడు. "పంది ఆగింది. మనవాడే ఆపాడు."

నాకు ఏ మొరుగూ వినపడలేదు. అదే అందామని తిరిగేసరికి అతని తల చెట్టు బోదె మీద పక్కకి వాలి ఉంది. కళ్ళు సగం మూసి లోయ వైపే ఉన్నాయి. భుజం పట్టుకుని పిలిచాను. ఆఖరి ఘడియలో వినిపించాల్సిన కలిమా చెవిలో చదివాను. పెదవులు కదిలాయనే అనుకున్నాను, ఇప్పటికీ అలాగే అనుకుంటాను. ఆ తర్వాత ఈల లాంటి ఆ ఊపిరి లేదు.

నేను అక్కడే కూర్చున్నాను. గట్టిగా అరిచి మాలిన్‌ని పిలిచాను. ముందు వచ్చింది మనిషి కాదు.

బాలంగ్ గడ్డిలోంచి తూలుతూ వచ్చింది. నాలుక ముదురు రంగు తిరిగి పక్కకి వేలాడుతోంది. వెనక కాళ్ళు ఒకదానికొకటి తగులుకుంటున్నాయి. మూతి చుట్టూ నురగ గట్టిపడి ఉంది. సూటిగా జాస్మన్ దగ్గరికి పోయి, ఒళ్ళో పడి ఉన్న చేతుల్ని ముక్కుతో కిందనుంచి పైకి పొడిచింది. చేతులు లేచి, మళ్ళీ పడ్డాయి. మళ్ళీ పొడిచింది.

నేను డబ్బా మూత తీసి, నా దోసిట్లో నీళ్ళు పోసుకుని దాని మూతి దగ్గర పెట్టాను. ఒకసారి వాసన చూసింది. ముఖం తిప్పుకుని అతని చేతుల దగ్గరికే పోయింది. మాలిన్ ఇద్దరు మనుషులతో పరిగెత్తుకుంటూ వచ్చాడు. జాస్మన్‌ని చూశాడు. ఒక్కసారిగా నేలమీద కూలబడి తల పట్టుకున్నాడు. కాసేపటికి అతనే లేచి, తన గిన్నెలో నీళ్ళు పోసి కుక్క ముందు పెట్టాడు. అది గుర్రుమంది. గుర్రుమనడానికి కూడా దాని దగ్గర బలం లేదు.

"ఇది పోతుంది" అన్నాడు మాలిన్. "కళ్ళు చూడు. లోపల కాలిపోతోంది."

కుక్క జాస్మన్ వేళ్ళు పొడుస్తూనే ఉంది. నేను డబ్బా తీసుకుని జాస్మన్ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. నేనేం చెయ్యబోతున్నానో మాలిన్‌కి అర్థమైంది.

"ఒద్దు పకియా. ఆయన పోయాడు. శవం చేతుల్లో కుక్క మూతి పెట్టిస్తావా? పైగా నువ్వు! రేపు అందరూ ఏమంటారు?"

"కడుగుతాం" అన్నాను. "ఎలాగూ ఒళ్ళంతా కడగాలి."

"అది వేరు, ఇది వేరు!"

"వేరేనేమో. నాకు తెలీదు మాలిన్. నువ్వు నీళ్ళు పొయ్యి."

అతను కదల్లేదు. తర్వాత ఏడుస్తూనే వచ్చి డబ్బా అందుకున్నాడు. నేను జాస్మన్ రెండు చేతులూ కలిపి దోసిలి చేశాను. ప్రాణం లేని వేళ్ళు దగ్గరికి రావు. కలిపిన కొద్దీ విడిపోతున్నాయి. నా చేతులు కిందనుంచి పెట్టి, అతని వేళ్ళని నా వేళ్ళతో బిగించి పట్టుకున్నాను. అవి ఇంకా వెచ్చగానే ఉన్నాయి. మాలిన్ సన్నటి ధార పోశాడు. నీళ్ళు సగం సందుల్లోంచి నా చేతుల మీదికి, నా లుంగీ మీదికి కారిపోయాయి. మిగిలిన కొంచెంలో బాలంగ్ మూతి పెట్టింది. తాగింది. పొడిచింది. మళ్ళీ పోశాడు. దాని నాలుక నా బొటనవేలికి తగిలింది. గరుకుగా, కాలుతున్నట్టుగా ఉంది.

వెదురు కర్రలకి లుంగీలు కట్టి అతన్ని దించాం. కుక్క మా వెనకే తూలుతూ వచ్చింది.

నిదార్ వాకిట్లో నిలబడి ఉంది. కేకలు పెట్టలేదు. అన్న కాళ్ళ దగ్గర కూర్చుని, అరికాళ్ళకి అంటుకున్న పైన్ సూదులు ఒక్కొక్కటీ తీసింది. చాలాసేపు అదే పని చేసింది. "నీళ్ళు పట్టారా?" అని అడిగింది తల ఎత్తకుండా. అతనికా, దానికా అని నేను అడగలేదు. రెండింటికీ ఒకటే జవాబు. "పట్టాను" అన్నాను.

ఇంటి వెనక వెదురుబద్దల అరుగు మీద స్నానం చేయించాం. ఇమాం గారు వచ్చారు. మేం అంకు అని పిలిచే పెద్దాయన. చేతుల మీద ఎండిన నురగ చూసి ఆగాడు. నేను జరిగింది చెప్పాను. ఏమీ దాచలేదు. చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరో నాలుక చప్పరించారు.

అంకు వంగి ఆ చేతులు తిప్పి చూశాడు. "తప్పని నేననలేను. ఒప్పని కూడా అనలేను" అన్నాడు. "నాకు కడగడం తెలుసు. మట్టి తీసుకురా."

నా జేబులో ఉన్న మట్టి ఇచ్చాను. ఆయనే స్వయంగా, పసిబిడ్డ చేతులు కడిగినట్టు, వేళ్ళ సందులు వదలకుండా ఏడుసార్లు కడిగాడు. ఆ తర్వాత రేగాకు నీళ్ళు, ఆ తర్వాత కర్పూరం నీళ్ళు. నీళ్ళన్నీ బద్దల సందుల్లోంచి అరుగు కింద నేలమీదికి దిగాయి. పొద్దు గుంకకముందే మట్టి చేశాం.

తిరిగొచ్చేసరికి బాలంగ్ పాకలో లేదు. అరుగు కింద ఉంది. కడుపు నేలకి ఆనించి, కడిగిన నీళ్ళు దిగి బురదైన చోట నాకుతోంది.

నేను అక్కడే కూర్చున్నాను. ఎవరి ఒంటిమీంచి దిగిన నీళ్ళో దానికి తెలుసు. కర్పూరం, రేగాకు, వాటి అడుగున అతను.

మర్నాడు ఇంటినిండా జనం. ప్రార్థనలకి వచ్చినవాళ్ళకి వంటలు, కాఫీలు. నేను మధ్యమధ్యలో దోసిట్లో నీళ్ళు పట్టుకుని అరుగు కిందికి దూరేవాణ్ణి. నా చేతుల వాసన చూసేది. గుర్రుమనేది కాదు. తాగేది కాదు. అంతవరకే. కొండ మీద అతని చేతుల కింద నా చేతులు ఉన్నాయన్నది దానికి గుర్తుందో లేదో, ఒక్కసారి సరిపోలేదు. మాలిన్ వచ్చి దవడలు తెరిచి సీసాతో పోశాడు. దగ్గి అంతా బయటికి తెచ్చేసింది.

"నేనే కదా దానికి కారం పెట్టింది" అన్నాడు అతను తన అరచెయ్యి చూసుకుంటూ. "ఆయన పెట్టమంటే పెట్టాను. వద్దురా అని మేం ఒక్కళ్ళం కూడా అనలేదు."

అప్పుడు నేను డబ్బా తెచ్చి ఆ నేలమీదే పోశాను. బురద మళ్ళీ తడిసింది. బాలంగ్ మెల్లగా నాకింది. నాకు ఆశ పుట్టింది. సరస్సు దాకా దిగి డబ్బా నింపుకొచ్చి పోశాను, మళ్ళీ దిగాను. ఎండిపోయిన నేల, ముప్పాతిక వంతు అదే తాగేస్తోంది. కుక్కకి దక్కేది నాలుక తడి. నిదార్ వంటింటి తలుపులోంచి చూస్తూ ఉంది. సాయంత్రం తనే బిందె ఎత్తుకుని వచ్చింది.

"ఇంత పోస్తే ఆ వాసన కూడా పోతుందేమో" అంది.

నేనది ఆలోచించలేదు. చేతిలో డబ్బా పట్టుకుని నిలబడిపోయాను. పొయ్యకపోతే తడి లేదు. పోస్తే అతను లేడు.

మంగళవారం పొద్దున్న బాలంగ్ మూతి నేలకి ఆనించి పడుకునే ఉంది. తల్లి దగ్గర పడుకున్న దూడలా కనిపించింది దూరానికి. దగ్గరికి వెళ్తే ఈగలు లేచాయి. నీళ్ళు తాగినా అది బతికేది కాదని, కొండ మీదే లోపల కాలిపోయిందని మాలిన్ అన్నాడు. నన్ను ఓదార్చడానికి అన్నాడో, తనని ఓదార్చుకోవడానికి అన్నాడో. నిజమే కావచ్చు కూడా.

నిదార్ అరుగు కిందికి దూరింది. ఇన్నేళ్ళలో ఆ కుక్కని మెట్టు ఎక్కనివ్వలేదు ఆమె. చెంగు తడిపి దాని మూతికి అంటిన బురద తుడిచింది. నేను వద్దనలేదు. ఎన్నిసార్లు కడుక్కోవాలో ఆమెకి నేను చెప్పాలా?

మిరపతోట పైన వాలులో మాలిన్, నేను గొయ్యి తవ్వాం. ఏమీ చదవలేదు. కుక్కకి చదివేది లేదు. మట్టి కప్పాక అలవాటుగా ముగ్గురం అక్కడే నిలబడ్డాం. మా దగ్గర మనిషిని పూడ్చాక సమాధి మీద నీళ్ళు పోస్తాం.

"పొయ్యొచ్చా?" అని అడిగింది నిదార్. పకియా నేనే కదా, నన్నే అడగాలి.

"తెలీదు" అన్నాను. "పొయ్యి."

ఆమె బిందె వంచి, ఇంకో చెయ్యి ధార కింద పట్టింది. నీళ్ళు ఆ చేతిలో నిండి, వేళ్ళ మీంచి మట్టి మీద పడ్డాయి. మాలిన్ అటు తిరిగి నిలబడ్డాడు. బిందె ఖాళీ అయ్యాక కూడా ఆమె చెయ్యి అలాగే పట్టుకుని ఉంది.

మధ్యాహ్నపు జొహర్ నమాజు వేళైంది. నేను దిగి వచ్చి, కడుక్కుని, అజాన్‌కి నిలబడ్డాను. సగంలో నా గొంతు ఆగిపోయింది. అంకు లోపలినుంచి వచ్చి నా పక్కన నిలబడి, మిగిలింది తనే చదివాడు.